జోగులాంబ తల్లి నేర్పే జీవిత పాఠాలు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట తోచినది అలంపురం జోగులాంబ అమ్మవారే. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వేరు వేరు జిల్లాలైనవి. గద్వాల పేరు మొదటి ముసాయిదాలో లేదు. ప్రజలు ఆందోళన చేసిన మీదట వచ్చిన ఆ జిల్లాకు అమ్మవారి పేరే పెట్టినారు. నేను ఈ మూడు చోట్లా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఆ తల్లి చరిత్రను, అందులో నాకు ఆలస్యంగా అర్థమైన నాలుగు మాటలను మీ ముందు ఉంచుతున్నాను.

అలంపుర చరిత్ర

అలంపురం తుంగభద్ర ఒడ్డున ఉన్నది. కొంత దిగువన ఆ నది కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెప్పుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన మన అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం. నాలుగింటిలో రెండు మన ప్రాంతానివే కావడం మన అదృష్టం.

బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో ఇక్కడ నవబ్రహ్మ ఆలయాలు కట్టించినారు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని తొమ్మిది. పేరుకు బ్రహ్మలే గాని అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుని కాలం (681–696) నాటిది. సతీదేవి పైదంతాలు పడిన చోటు అలంపురమని, అష్టాదశ శక్తిపీఠాలలో ఇది ఐదవదని భక్తుల నమ్మకం.

14వ శతాబ్దం చివర బహమనీ సుల్తానుల దండయాత్రలో అమ్మవారి ఆలయం నేలమట్టమైనదని ఆలయ చరిత్ర చెప్పుతుంది. అప్పటివారు మూర్తిని కాపాడి, పక్కనే ఉన్న బాలబ్రహ్మేశ్వరాలయంలో ఒక మూల ఉంచినారు. అక్కడే ఆరు వందల ఏండ్లు పూజలు జరిగినవి. రాజ్యాలు మారినవి. ఆలయాల పక్కనే దర్గా వెలసింది. అక్కడికి పోయేవారు అక్కడికి పోతూనే ఉన్నారు, అమ్మ దగ్గరికి వచ్చేవారు వస్తూనే ఉన్నారు.

1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షిక సభలు అలంపురంలో జరిగినప్పుడు, ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చినారు. కాళోజీ గారి ‘నా గొడవ’ను శ్రీశ్రీ గారు ఆవిష్కరించినది ఆ సభలలోనే. అలంపురం పండితులు గడియారం రామకృష్ణ శర్మ గారు (1919–2006) శాసనాలు చదివి ఈ క్షేత్ర చరిత్రను వెలుగులోకి తెచ్చినారు. అమ్మవారి ఆలయం మళ్లీ లేవాలని దశాబ్దాలపాటు పాటుపడినారు. చివరకు 2005 ఫిబ్రవరి 13న, వసంత పంచమి నాడు, అమ్మవారు తన పాత స్థలంలో కట్టిన కొత్త ఆలయానికి చేరినారు. అప్పటికి శర్మగారికి ఎనభై ఐదేండ్లు నిండినవి. ఆ మరుసటి ఏడే ఆయన కన్నుమూసినారు. ఆయన ఆత్మకథ ‘శతపత్రము’నకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురస్కారం చూసుకోలేదు గాని, అమ్మ ఇల్లు చేరడం మాత్రం చూసినారు.

మూలన ఉన్నా తల్లి తల్లే

ఇది మొదటి పాఠం. చిన్నప్పుడు మా అమ్మతో అలంపురం పోయినప్పుడు అమ్మవారు బాలబ్రహ్మ గుడిలోనే ఉండేవారు. “ఇంత పెద్ద దేవతకు ఇంత చిన్న చోటేమిటి?” అని అడిగినాను. “చోటుతో పెద్దరికం రాదు నాయనా” అన్నది మా అమ్మ. అప్పుడు ఆ మాట చెవికెక్కలేదు.

2008లో నేను పదవీ విరమణ చేసినాను. కొన్నేండ్లకు నా భార్య కాలం చేసింది. హైదరాబాదులో కొడుకు ఇంట ఒక చిన్న గది నా వంతుకు వచ్చింది. టి.వి. శబ్దం తగ్గించమంటే తగ్గించరని, కాఫీ అడిగిన వేళకు రాదని రోజూ అలిగేవాణ్ణి. ఆఫీసులో నా కుర్చీ, ఊళ్లో నా అరుగు గుర్తు చేసుకుని కుమిలేవాణ్ణి. ఒకనాడు మా అమ్మ మాట జ్ఞాపకం వచ్చింది. ఆ తల్లి ఇంకొకరి గుడిలో ఆరు వందల ఏండ్లు ఉన్నా, వచ్చినవారికి దర్శనమే ఇచ్చింది గాని ముఖం తిప్పుకోలేదు. ఆ మరునాటి నుంచి మనుమరాలికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టినాను. గది పెరగలేదు గాని, ఇప్పుడు అందులోకి మనుషులు వస్తున్నారు.

రిజిస్టరులో కాలం లేని దేవత

రెండవది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉన్నది. శ్రీశైలం ప్రాజెక్టు కింద మన జిల్లాలోను, కర్నూలు జిల్లాలోను వందకు పైగా గ్రామాలు మునిగినవి. 1981 వేసవిలో ఊళ్లు ఖాళీ చేయించినారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి, విప్పి, అలంపురానికి తెచ్చి తిరిగి నిలబెట్టినారు. పాపనాశి ఆలయాలనూ అట్లే తరలించినారు. అంత జాగ్రత్త గుళ్లకు జరిగింది. మనుషులకు మాత్రం చేతిలో పరిహారం కాగితం మిగిలింది.

అంతకు కొద్దికాలం ముందు, కొత్తగా చేరిన ఎల్.డి.సి.గా నేను ఒక ముంపు గ్రామంలో ఇండ్ల లెక్క వ్రాసినాను. ఇల్లు, కొట్టం, బావి, చెట్లు, ఒక్కొక్కదానికి రిజిస్టరులో ఒక్కొక్క కాలం. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి దగ్గర ఒక ముసలవ్వ నన్ను ఆపింది.

“ఇండ్లు రాసుకున్నవు, చెట్లు రాసుకున్నవు. మా ఎల్లమ్మను యాడ రాసుకున్నవు బిడ్డా?”

“దానికి కాలం లేదవ్వా” అన్నాను.

నేను చెప్పినది నిబంధన ప్రకారం సరే. కాని ఆమె ముఖం చూడకుండా చెప్పినాను. చూస్తే పని ఆగిపోతుందని భయం. చెట్టుకు విలువ కట్టి పక్క ఇంటికి పోయినాను. కనీసం రిమార్కులలో ఒక్క ముక్క వ్రాయవలసినది. ఆ పని నేను చేయలేదు.

చాలా ఏండ్లకు డ్యూటీ మీద ఆ ఊరివారు కట్టుకున్న కాలనీకి పోయినాను. కొత్త వేపచెట్టు కింద అదే రాయి, దాని మీద పచ్చి పసుపు. అవ్వ లేదు. ఊరు ఖాళీ చేసేనాడు ఇంట్లో సామాను కంటే ముందు ఆ రాయిని గుడ్డలో చుట్టి బండిలో పెట్టిందని ఆమె కోడలు చెప్పింది. అలంపురంలో ఆరు వందల ఏండ్ల కింద మూర్తిని మోసినవారి పేర్లు నాకు తెలియవు గాని, వారు చేసిన పని ఏమిటో ఆనాడు తెలిసింది. గుడి పోతే మళ్లీ కట్టవచ్చు. ముందు అమ్మను కాపాడుకోవాలి. మన ఇండ్లలో కూడ ఆపద వచ్చినప్పుడు ఏది ముందు బండెక్కించాలో ఆ అవ్వకు తెలిసినంత మనకు తెలియదు.

బల్లి, తేలు, కప్ప

జోగులాంబ ఉగ్రరూపిణి. శవాసనం మీద కూర్చుని ఉంటారు. జటలలో కపాలం, బల్లి, తేలు, కప్ప కనిపిస్తవి. అమ్మవారిని గృహచండి అని కూడ అంటారు. జీవకళ తగ్గిన ఇంట్లో మొదట బల్లులు పెరుగుతవి, తరువాత తేళ్లు చేరుతవి, చివరకు చావు వాకిట్లోకి వస్తుంది, వీటన్నిటిని తల్లి తన తలమీద పెట్టుకుని ఇంటిని కాపాడుతుంది అని ఈ రూపానికి అర్థం చెప్పుతారు.

ఇది విన్నప్పుడు నాకు నాగర్‌కర్నూలు దగ్గర తాళం వేసిన మా ఇల్లే కండ్ల ముందు కదిలింది. అమ్మేయుమని కొడుకులు, వద్దని నేను. మా నడుమ రెండేండ్లు మాటలు సరిగా లేవు. నిరుడు పోయి తాళం తీసినాను. నిజంగానే గోడ నిండా బల్లులు, దేవుడి గూట్లో తేలు. అప్పుడు నాకు అర్థమైనది ఏమంటే, ఇల్లు అమ్మవద్దని పట్టుబట్టిన నేనే దానిని చంపుతున్నాను. ఇల్లు కాగితాల మీద ఉంటే చాలదు, తలుపు తీసేవారుండాలి.

కొడుకులను కూర్చోబెట్టి ఒక మాట అనుకున్నాము. నేనున్నంత కాలం ముందు గది పక్కింటి ఆడపిల్లల చదువుకు ఇవ్వాలి. నా తరువాత వారి ఇష్టం. ఇప్పుడు ఆ పిల్లలే సాయంత్రం దీపం పెడుతున్నారు. మన సభ్యులలో ఎంతమంది ఇండ్లకు తాళాలున్నవో నాకు తెలుసు. అందుకే ఈ సంగతి వ్రాసినాను.

చుట్టూ చల్లని నీరు

చివరిది చిన్న మాట. అమ్మవారి ఉగ్రతను చల్లబరచడానికి కొత్త ఆలయం చుట్టూ నీటి గుండం కట్టినారు. కోపం తల్లికే తప్పలేదు. దాని చుట్టూ నీళ్లుండాలన్నది ఏర్పాటు. ఈ వయసులో మనకు కోపం తొందరగా వస్తుంది. నాకైతే మరీ. మాట పెదవి దాటకముందు ఒక గ్లాసు నీళ్లు తాగడం అలవాటు చేసుకున్నాను. మా కోడలు ఇది గమనించి, నేను లేచేసరికి నీళ్లు పెట్టి ఉంచుతున్నది. ఎందుకని నేనూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

ఏటా వసంత పంచమి నాడు అమ్మవారి నిజరూప దర్శనం ఉంటుంది. శరీరం సహకరించినవారు మనుమలను వెంటబెట్టుకుని వెళ్లండి. బాలబ్రహ్మ గుడిలో అమ్మ ఆరు వందల ఏండ్లు ఉన్న చోటు కూడ వారికి చూపించండి. కొత్త గుడి కంటే ఆ మూలే ఎక్కువ చెప్పుతుంది.

జోగులాంబ తల్లి మీ అందరికీ ఆయురారోగ్యాలు ఇవ్వాలని కోరుతూ సెలవు.