‘డేట్’ శబ్దార్థం – అహోబిల శాసన కాలనిర్ణయం

ఆంగ్ల ‘డేట్’ శబ్దానికి ‘ఇవ్వబడినది’ అనే అర్థంగల లాటిన్ పదం మూలం. రోమనులు లేఖను ఎక్కడ, ఏనాడు ఇచ్చారో ఆ పదంతో తెలిపేవారు. సంస్కృత ‘దా’ ధాతువు దానికి జ్ఞాతి. తెలుగులో దీనికి పర్యాయంగా వాడే ‘తారీఖు’ అరబ్బీ మూలం గలది. ‘తిథి’ చంద్రగతిని అనుసరించేది. ఈ మూడింటినీ ఒకటిగా భావిస్తే కాలనిర్ణయం తప్పుతుంది.

అహోబిలంలోని శ్రీకృష్ణదేవరాయల దానశాసనం శక 1437 యువ సంవత్సర పుష్యమాసం నాటిది. శకాబ్దానికి 78 కలిపితే 1515 వస్తుంది. అయితే పుష్యమాసం డిసెంబరు, జనవరి నెలల నడుమ సాగుతుంది. మాసాంతమైతే 1516 కావచ్చు. పక్షం, తిథి, వారం పరిశీలించినప్పుడే 1515 డిసెంబరు అని తేలుతుంది. కొండవీడు అదే ఏడు జూన్‌లో రాయల వశమైంది. కనుక విజయయాత్రల క్రమానికి ఈ నిర్ణయం కీలకం. సంవత్సరాంకం మాత్రమే ఉటంకిస్తే దానం నిలుస్తుంది, ఇచ్చిన దినం మరుగవుతుంది.