లక్క నుండి రెసిన్ దాకా - ఒక గాలి బుడగ చరిత్ర

లక్క అనగానే మనకు భారతంలోని లక్క ఇల్లు గుర్తుకు వస్తుంది. ఆడవారికి లక్క గాజులు, పిల్లలకు ఏటికొప్పాక బొమ్మలు గుర్తుకు వస్తాయి. కాని మన దేశపు లక్క ఒకప్పుడు అమెరికా, యూరపు ఖండాల విద్యుత్ యంత్రాలలో కూడా ఉండేదని మనలో చాలామందికి తెలియదు. కరెంటు ఒక తీగ నుండి పక్క తీగకు పోకుండా పూసే పూతలలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో షెల్లాక్‌ది, అంటే శుద్ధి చేసిన లక్కది, పెద్ద పాత్ర. దానికి బదులు వస్తువు కోసం వెదికిన వారికి అడుగడుగునా అడ్డం వచ్చింది ఒక గాలి బుడగ. ఆ బుడగతో జరిగిన పోరాటం తబూక్‌లో ఉంటున్న మనకు అక్కరలేని విషయం కాదని మా మనవి.

ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌లను కలిపితే జిగట ముద్ద వస్తుందని 1872లోనే జర్మనీలో బేయర్ గమనించాడు. దానిని వేడి చేస్తే ఆవిరి పుట్టి, పొంగి, చివరకు రొట్టె ముక్కలాగా చిల్లులు పడి గట్టిపడేది. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. వేడితోబాటు ఒత్తిడి కూడా పెడితే బుడగ పెరగలేదు. 1907లో ఆయన దీనికి పేటెంటు కోరాడు, 1909లో లభించింది. ఆయన వాడిన బేక్‌లైజర్ అనే ఆవిరి పాత్ర నేడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నది. అయితే బేక్‌లాండ్ బుడగను తీసివేయలేదు, అణచిపెట్టాడు.

బుడగను ముందే బయటికి లాగే పద్ధతికి ఎపాక్సీ రెసిన్ దారి ఇచ్చింది. స్విట్జర్లాండులో పియర్ కాస్టాన్ 1930 దశకంలో దీనిని తయారుచేసినది కట్టుడు పళ్ళ కోసం! సీబా కంపెనీ ఆ హక్కులు తీసుకున్నది. 1946లో ఆరల్డైట్ పేరు బయటికి వచ్చింది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు నీరు విడుదల కాదు. కలిపేటప్పుడు చేరిన గాలిని, తేమను ముందుగా తీసేస్తే చాలు.

ఆ పని చేసే యంత్రంలో సూత్రం మన వంటింటిదే. చలికాలంలో గడ్డకట్టిన నెయ్యి కాస్త సెగ చూపితే జారుతుంది. రెసిన్ కూడా వేడికి పలచబడుతుంది, బుడగ పైకి తేలుతుంది. తొట్టెలోని గాలిని పంపుతో లాగేస్తే బుడగ ఉబ్బి పగులుతుంది. రెసిన్‌ను పలుచని పొరగా ఏటవాలు పలకల మీద జార్చితే బుడగకు దారి దగ్గరవుతుంది. పాలు పొంగినట్లు పొంగుతుంది కనుక తొట్టె, పోసిన రెసిన్ కంటె చాలా పెద్దదిగా ఉండాలి. వేడి మించితే గట్టిపడటం మొదలవుతుంది. గాలి మరీ లాగేస్తే రెసిన్‌లోని పదార్థాలే ఆవిరైపోతాయి. నేర్పంతా ఆ మధ్య మార్గంలోనే ఉన్నది.

ఇంత శ్రమ దేనికంటారా? బుడగ లోపల విద్యుత్ ఒత్తిడి చుట్టూ ఉన్న రెసిన్‌లో కంటె మూడు నాలుగు రెట్లు ఉండవచ్చు, గాలికేమో తట్టుకునే శక్తి తక్కువ. లోపల చిన్న నిప్పురవ్వలు పుట్టి చెదపురుగులా రెసిన్‌ను తింటాయి. కొన్నాళ్ళకు మోటారు కాలిపోతుంది. అందుకే మన హైదరాబాదు పక్కన రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్.లో జనరేటర్ చుట్లను తొట్టెలో పెట్టి, ముందు గాలి లాగి, తరువాత రెసిన్ వదిలి, ఆపైన ఒత్తిడి పెడతారు. బుడగను తీయడం, అణచడం రెండూ అక్కడ ఒక్కటయ్యాయి.

ఇక తబూక్ సంగతి. ఇక్కడి పొలాల పచ్చదనం సాఖ్ ఇసుకరాతి పొరలలోని పాతాళ నీటి మీద, ఆ నీటిని తోడే మోటార్ల మీద ఆధారపడినది. మోటారు కాలితే వైండింగు మార్చాలి, మళ్ళీ అదే వేడి, అదే పంపు. కొన్నేళ్ళ క్రితం ఇక్కడి ఒక వర్క్‌షాపులో మన కుర్రవాడొకడు చిక్కున పడ్డాడు. యంత్రంతో వచ్చిన పుస్తకం ప్రకారం గేజి ముల్లు 755కు చేరాలి. ఎంతసేపు నడిపినా అది 688 దగ్గరే ఆగేది. పంపు పాడుచేశాడని జీతం కోయబోయారు.

తప్పు వాడిది కాదు, పంపుది కాదు. పుస్తకం సముద్రతీరం లెక్కతో రాసినది. అక్కడ గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. తబూక్ సుమారు 770 మీటర్ల ఎత్తున ఉన్నది, ఇక్కడ ఒత్తిడి 693 ప్రాంతం. లేని గాలిని పంపు ఎలా లాగుతుంది? తొట్టెలో మిగిలిన గాలిని నేరుగా చూపే గేజి తెచ్చి పెట్టించాము. మిగిలినది అయిదే మిల్లీమీటర్లు. పుస్తకం అడిగినదీ అంతే. కుర్రవాడి జీతం నిలబడింది.

నూరేళ్ళకు పైగా శాస్త్రజ్ఞులు కష్టపడి బుడగను లొంగదీశారు. ఒక్క అంకె తెలియక ఆ శ్రమ ఫలం పనివాడి మెడకు చుట్టుకోకూడదు. మనలో ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. గేజి పక్కన ఊరి ఎత్తు, ఇక్కడి గాలి ఒత్తిడి రాసి పెట్టించడం మనకు ఒక పూట పని. ఆ కాగితం ముక్క ఒకరి అన్నం కాపాడుతుంది.