పిరమిడ్లూ, వాటిని కట్టినవారూ

ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలుగా గ్రీకులు లెక్కించిన కట్టడాలలో ఈనాటికీ నిలిచివున్నది ఒక్కటే: ఈజిప్టులో గీజా వద్దనున్న కూఫూ చక్రవర్తి పిరమిడ్. సుమారు 4,600 సంవత్సరాల క్రిందట కట్టిన ఈ సమాధి ఎత్తు మొదట 146 మీటర్లు. ఇందులో సుమారు 23 లక్షల రాళ్ళున్నాయని అంచనా. చూచినవారందరూ ఆశ్చర్యపడ్డారు, పడడంలో తప్పులేదు. ఐతే ఆ ఆశ్చర్యం చివరకు ఎవరి ఖాతాలో జమ అవుతున్నదన్నదే ప్రశ్న.

మొదట అది రాజు కీర్తి అయింది. తరువాత మంత్రశక్తి అయింది. మన కాలంలో మరీ విడ్డూరంగా, అన్యగ్రహవాసులు దిగివచ్చి కట్టిపోయారన్న కథ అయింది. ఘనత ఎవరికైనా దక్కవచ్చునట, రాయి మోసిన ఈజిప్టు రైతుకు మాత్రం దక్కరాదట!

దీనికి జవాబుగా మనవాళ్ళు సాధారణంగా మరొక చిత్రం చూపుతారు: కొరడా దెబ్బల క్రింద మూలుగుతూ రాళ్ళు లాగే బానిసల మందలు. ఈ చిత్రంలో సానుభూతి ఉన్నది కాని ఆధారం లేదు. పైగా ఇది కూడా ఆ శ్రామికులకు పేరూ, నేర్పూ, నోరూ లేకుండా చేస్తున్నది.

ఆధారాలేమంటున్నాయి? 1990లో పిరమిడ్ల సమీపంలోనే కార్మికుల సమాధులు బయటపడ్డాయి. మార్క్ లేనర్ బృందం జరిపిన త్రవ్వకాలలో వారు నివసించిన ఊరూ, రొట్టెలు కాల్చిన చోట్లూ, తిన్న పశువుల ఎముకలూ కనిపించాయి. 2013లో ఎర్రసముద్ర తీరాన వాదీ అల్ జర్ఫ్ వద్ద పపైరస్ పత్రాలు దొరికాయి. వాటిలో మెరెర్ అనే జట్టు నాయకుడి దినచర్య ఉన్నది. తూరా గనుల నుంచి సున్నపురాయిని పడవలకెత్తి, నైలునదిమీద గీజాకు చేర్చడం అతని జట్టు పని. పదిరోజులలో రెండుమూడు సార్లు ఆ ప్రయాణం. రాజుల కీర్తిశాసనాలకంటె ఈ పని లెక్క మనకు విలువైనది.

ఈ ఆధారాలు చూపి కొందరు మరో అంచుకు పోతున్నారు: వారు బానిసలు కారు గనుక, భక్తితో, సంతోషంగా పనిచేశారట! మాంసం పెట్టినంత మాత్రాన శ్రమ స్వచ్ఛందమైపోదు. ఆ సమాధులలోని అస్థిపంజరాలలో అరిగిపోయిన వెన్నుపూసలున్నాయి. విరిగి అతుక్కున్న ఎముకలున్నాయి. రాజ్యం రైతులను వంతులవారీగా పిలిపించి చేయించుకున్న పనికి మన భాషలో వెట్టి అని పేరు. ఆ మాట అర్థమేమిటో తెలంగాణా పల్లెలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కూఫూ పనివారు తమ కష్టం గురించి ఏమనుకున్నారో చెప్పే పత్రం మన చేతిలో లేదు. ఐతే పధ్నాలుగు వందల ఏళ్ళ తరువాత, అదే దేశంలో, రాజసమాధులు తొలిచిన పనివారి మాట మిగిలింది. మూడవ రామెసిస్ పాలన 29వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, దెయిర్ ఎల్ మెదీనా పనివారికి ధాన్యపు బత్తెం అందలేదు. వారు పనిముట్లు దించి, ఊరి కాపలా గోడలు దాటిపోయి, ఒక దేవాలయం వెనుక బైఠాయించారు. ఆకలిదప్పులే తమను అక్కడికి తెచ్చాయనీ, బట్టలూ చేపలూ కూరగాయలూ లేవనీ అధికారులకు చెప్పారు. ఈ సంగతి ఫారోకు వ్రాయమన్నారు. బకాయి బత్తెం రాబట్టుకున్నారు. మరల ఆలస్యమైనపుడు మరల పని మానారు. చరిత్రలో నమోదైన సమ్మెలలో మనకు తెలిసినంతవరకు ఇదే మొదటిది. ఆ వివరం వ్రాసిన పపైరస్ ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో ఉన్నది.

పిరమిడ్‌ను తక్కువచేసి చూడడం మన పని కాదు. రాజు అమరత్వంకోసం ప్రజల శ్రమను కొల్లగొట్టిన వ్యవస్థను ఖండిస్తూనే, ఆ రాళ్ళను అంత సరిగా పేర్చిన చేతుల నేర్పును మనదిగా స్వీకరించాలి. శ్రామికులను జాలిపడదగిన నీడలుగా చిత్రించేది ప్రజల చరిత్ర కాజాలదు. వారి పని లెక్కలనూ, అరిగిన ఎముకలనూ, బత్తెంకోసం చేసిన పోరాటాన్నీ ఆధారాలతో నిలబెట్టేదే ప్రజల చరిత్ర. తరగతి గదిలో ఏడు వింతలు చెప్పేటప్పుడు ఎత్తూ వెడల్పులతోబాటు మెరెర్ పడవనూ, దెయిర్ ఎల్ మెదీనా సమ్మెనూ కూడా చెబుదాం.