దిట్టం: మాట వెనుక కథ

పుదుచ్చేరి పట్టణంలోని నటేశన్ నగర్ వంటి పేటల్లో వినిపించే తమిళంలో ప్రణాళికను ‘తిట్టం’ అంటారు. పంచవర్ష ప్రణాళిక అక్కడ ‘ఐందాండు తిట్టం’. దీనికి తోబుట్టువైన తెలుగు ‘దిట్టం’ గట్టిది, నిశ్చితమైనది అన్న అర్థాలతో నిఘంటువుల్లో నిలిచినా, దాని జీవం తిరుమల ఆలయ వంటశాల అయిన పోటులోనే ఉంది: లడ్డూకు శనగపిండి, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, యాలకులు ఏ పాళ్లలో పడాలో దేవస్థానం ముందే నిర్ణయించిన కొలతల పట్టికే అక్కడ దిట్టం. సంస్కృతంలో నీటి కాలువను సూచించిన ‘ప్రణాళిక’ పనికి దారి చూపుతుందే గాని కొలత చెప్పదు కనుక, కార్యాలయాల తెలుగు ‘దిట్టం’ అన్న మాటను చేరదీయకపోవడం నిజంగా లోటే. పరిధి, ఖర్చు, గడువు, బాధ్యతలను ముందే తేల్చి, జరిగిన పనిని దశలవారీగా వాటితో సరిచూసే ప్రాజెక్టు నిర్వహణ పద్ధతిలో ‘బేస్‌లైన్’, అంటే ఆమోదం పొందిన మూల ప్రమాణం, చేసే పని దిట్టం చేసేదే. మార్పు అవసరమైతే ముందుగా ఆ ప్రమాణాన్నే అనుమతితో సవరించాలి, లడ్డూల గిరాకీ పెరిగినప్పుడు దిట్టాన్ని సవరించినట్లుగా.