అడయారు సమన్వయము: పుట్టుపూర్వోత్తరములు

శాస్త్రము సత్యమును శోధించును. నీతి శ్రేయస్సును విధించును. కళ సౌందర్యమును సృజించును. ఈ మూటిని ఒక్క జీవనదృష్టిలో కూర్పవలెనను సంకల్పము చెన్నపురిలో నెట్లు పెరిగినదో తెలియగోరువారు అడయారు చరిత్ర చదువవలెను.

1875లో న్యూయార్కున స్థాపితమైన దివ్యజ్ఞానసమాజము 1882లో అడయారు నదీతీరమున తోట కొని, తన ప్రధానస్థానమును ఇచ్చటికి మార్చుకొనెను. జాతిమతభేదములు లేని విశ్వసౌభ్రాత్రమును, మతతత్త్వవిజ్ఞానముల తులనాత్మకాధ్యయనమును అది ఆశయములుగా గ్రహించెను. సత్యమునకు మించిన ధర్మము లేదనునది దాని ముద్రావాక్యము. 1886లో సమాజ సంస్థాపకులలో నొకరైన కర్నల్ ఆల్కాట్ స్థాపించిన గ్రంథాలయము తాళపత్రములకు ఆశ్రయమయ్యెను. అయినను, పరీక్షకు లొంగని అతీంద్రియదర్శనమును శాస్త్రమని చెప్పుకొనుట ఆ సమాజమునకు దౌర్బల్యమయ్యెను. దివ్యదృష్టితో పరమాణువులను చూచితిమని సమాజ ప్రముఖులైన అనీబిసెంటు, లెడ్‌బీటరు 1908లో గ్రంథమునే ప్రకటించిరి. 1895లో మదనపల్లెలో జన్మించి, 1909లో తండ్రివెంట అడయారు చేరి, రాబోవు జగద్గురువని కొనియాడబడిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తనకొరకై ఏర్పడిన సంస్థను తానే రద్దుచేసి, సత్యమునకు ఏ సంస్థయు బాట వేయజాలదని చాటెను. సమన్వయము ప్రకటనచే సిద్ధించునది కాదని దీనివలన తేలినది.

అది ఆచరణలో ఫలించినది ఆ సమాజమునకే చెందిన రుక్మిణీదేవి అరండేల్‌గారి జీవితమున. దేవదాసీల ఆటయని పెద్దమనుష్యులు ఈసడించుచున్న, నేడు భరతనాట్యమనబడు నాట్యమును పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళెగారికడ అభ్యసించి, 1935లో సమాజ వజ్రోత్సవములందు అడయారున ప్రదర్శించి, మరుసటి యేడు కళాక్షేత్రమను కళావిద్యాలయమును నెలకొల్పిరి. 1952లో రాజ్యసభకు నియమితులైన పిదప జంతుహింసను నివారించుటకై బిల్లు తెచ్చిరి. ప్రభుత్వమే శాసనము చేయునని ప్రధాని నెహ్రూగారు మాట యియ్యగా దానిని ఉపసంహరించుకొనిరి. ఆ మాట 1960లో చట్టమయ్యెను. ఆ చట్టము జంతువులపై పరిశోధనను నిషేధింపలేదు. ప్రయోగములను అదుపుచేయుటకు సంఘమును ఏర్పరుప వీలు కల్పించి, శస్త్రక్రియతో కూడిన ప్రయోగమందు సాధ్యమైనంతవరకు జంతువునకు మత్తుమందిచ్చి బాధ తప్పింపవలెనను నియమమునకు తావిచ్చెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమమండలికి రుక్మిణీదేవిగారే ప్రథమాధ్యక్షులు.

కళలో పరహృదయమును తనదిగా అనుభవింపజేయుట రసము. ఆ అనుభవము మూగజీవము దాక వ్యాపించినచో నీతి. ఆ నీతి ప్రయోగశాలలో నియమమైనచో శాస్త్రమునకు మర్యాద. కావున సమన్వయమును కోరువారు ఈ మూటికి ఉమ్మడి నామము వెదకుటకంటె, పరిశోధకునికి కరుణయు, కళాకారునికి సత్యనిష్ఠయు విద్యాలయములలోనే అలవరచుటకు పూనుకొనుట మేలు.