ఐర్లాండ్ రాజకీయ సంఘర్షణ: సినిమా చరిత్ర

ఐర్లాండ్ పల్లె బతుకులు, బ్రిటిష్ పాలనపై పోరు, 1922-23 అంతర్యుద్ధం, 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం దాకా ఉత్తర ఐర్లాండ్‌లో మూడు దశాబ్దాలు సాగిన హింస... ఇవే ఇతివృత్తాలుగా వందేళ్లకు పైగా సినిమాలు వస్తున్నాయి. పేరుకెక్కిన వాటిలో చాలా భాగం బయటివాళ్లు తీసినవే. అమెరికాకు చెందిన కేలెమ్ కంపెనీ తరఫున సిడ్నీ ఓల్కాట్ 1910లో అక్కడికి వెళ్లి ‘ద లాడ్ ఫ్రమ్ ఓల్డ్ ఐర్లాండ్’ తీశాడు.

ఇరవై పౌన్ల బహుమతికి ఆశపడి స్నేహితుణ్ణి పోలీసులకు పట్టించినవాడి కథ, జాన్ ఫోర్డ్ తీసిన ‘ద ఇన్ఫార్మర్’ (1935). డబ్లిన్ కథే అయినా దాన్ని హాలీవుడ్ సెట్లలో తీశారు. నాలుగు ఆస్కార్లు వచ్చాయి. మరుసటి ఏడాదే కిల్లార్నీలో గ్యారేజీ నడిపే టామ్ కూపర్ ఊళ్లోవాళ్లనే నటులుగా పెట్టి, స్వాతంత్ర్య యుద్ధం మీద ‘ద డాన్’ తీశాడు. డబ్బూ పరికరాలూ అంతంతమాత్రంగా ఉన్నా, తమ కథ తామే చెప్పుకోవాలన్న ఆరాటం ఆ సినిమాను నడిపించింది. కరోల్ రీడ్ ‘ఆడ్ మ్యాన్ అవుట్’ (1947) బెల్‌ఫాస్ట్ వీధుల్లో నడుస్తుంది, కానీ నగరం పేరు గానీ తిరుగుబాటు సంస్థ పేరు గానీ ఎక్కడా వినిపించదు. రాజకీయాలను అలా పక్కకు తప్పించడం బ్రిటిష్ సినిమాకు చాలాకాలం అలవాటుగా ఉండిపోయింది.

ఐరిష్ ఫిల్మ్ బోర్డు 1981లో ఏర్పడినా, 1987లో మూతపడి 1993లో గానీ మళ్లీ తెరుచుకోలేదు. ఆ మధ్యకాలంలో బీబీసీ కోసం అలన్ క్లార్క్ తీసిన ‘ఎలిఫెంట్’ (1989) నేటికీ గుండెను పట్టేస్తుంది. నిడివి 39 నిమిషాలు, హత్యలు పద్దెనిమిది, మాటలు దాదాపు శూన్యం. కెమెరా నడిచే మనిషి వెనకే వెళుతుంది, తుపాకి పేలుతుంది, ఆ తర్వాత శవం మీదే చాలాసేపు నిలుస్తుంది. ఎవరు, ఎందుకు చంపారో చెప్పదు.

నీల్ జోర్డాన్ ‘మైకేల్ కాలిన్స్’ (1996) వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలుచుకుంది. 1920 నవంబరు 21న డబ్లిన్ క్రోక్ పార్క్ మైదానంలో జరిగిన కాల్పుల సన్నివేశంలో సాయుధ శకటం లోపలికి దూసుకొచ్చి జనం మీద కాలుస్తుంది. నిజానికి మైదానంలో కాల్చింది పోలీసు బలగాలు. ఆ మార్పు అవసరం లేదు, జరిగినదే చాలినంత ఘోరం. 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో బ్రిటిష్ సైనికుల తూటాలకు అదే రోజు 13 మంది పౌరులు కన్నుమూశారు. దానిపై పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన ‘బ్లడీ సండే’ (2002) వార్తా చిత్రంలాగే సాగుతుంది, కల్పనకు ఎక్కువ చోటివ్వదు. ఆ రోజు చనిపోయినవారెవరి వల్లా సైన్యానికి ముప్పు లేదని సావిల్ విచారణ తేల్చింది 2010లో.

కెన్ లోచ్ ఇంగ్లీషువాడు. అయినా అంతర్యుద్ధం లోతు తెలిపిన సినిమా ఆయనదే, కార్క్ జిల్లాలో తీసిన ‘ద విండ్ దట్ షేక్స్ ద బార్లీ’ (2006, కాన్ పామ్ డోర్). అందులో తిరుగుబాటుదారులు నడిపే రిపబ్లికన్ కోర్టు ఘట్టం చూడాలి. పేద ముసలమ్మ దగ్గర అడ్డగోలు వడ్డీ గుంజిన వ్యాపారి తప్పు చేశాడని న్యాయమూర్తి స్థానంలో ఉన్న స్త్రీ తీర్పిస్తుంది. తుపాకులకు డబ్బిచ్చేది ఆ వ్యాపారే కనుక తిరుగుబాటు దళ నాయకుడు టెడీ అతణ్ణి విడిపించుకుపోతాడు. స్వరాజ్యం వస్తే ఎవరిదవుతుందన్న గొడవ అక్కడే రాజుకుంటుంది. బ్రిటన్‌తో 1921 ఒప్పందం తర్వాత టెడీ, అతని తమ్ముడు డేమియన్ చెరో పక్షాన తుపాకులు పడతారు.

స్టీవ్ మెక్వీన్ ‘హంగర్’ (2008) ఉత్తర ఐర్లాండ్‌లో 1981 జైలు నిరాహార దీక్షల కథ. ఖైదీ బాబీ శాండ్స్, మతగురువు వాదించుకునే ఘట్టంలో కెమెరా పదిహేడు నిమిషాలు కదలదు. కెన్నెత్ బ్రానా తన బాల్యాన్ని ‘బెల్‌ఫాస్ట్’గా (2021) తీసి, కథ రాసినందుకు ఆస్కార్ అందుకున్నాడు. పశ్చిమ బెల్‌ఫాస్ట్‌లో ఐరిష్ భాషలో ర్యాప్ పాడే ముగ్గురి కథ ‘నీక్యాప్’ (2024). 1998 ఒప్పందం తర్వాత పెరిగిన తరం గురించిన ఈ సినిమాలో ఆ ముగ్గురూ తమ పాత్రలు తామే వేశారు.