పులస రుచి – ధవళేశ్వరం ఆనకట్ట: ఒక చారిత్రక పరిశీలన

పులసను గోదావరి జిల్లాల భోజనప్రియత్వానికి గుర్తుగా చెప్పుకోవడం పరిపాటి. ఆ రుచికి నీటిపారుదల చరిత్రతో ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పులస ప్రత్యేక జాతి కాదు. సముద్రంలో ఉన్నంతకాలం దీనిని విలస అంటారు. బెంగాలీలకు ఇది ఇలిష్. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై 1822లో ప్రకటించిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. ఆషాఢ శ్రావణాలలో గోదావరి ఎర్రనీరు సముద్రంలో కలిసే వేళ ఈ చేప గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీదుతుంది. ఆ ప్రయాణంలో మేత తగ్గించి, ఒంట్లో నిలవ ఉన్న కొవ్వునే ఖర్చు చేస్తుంది. నదిలో ఎంత దూరం ఈదితే అంత కమ్మదనమని జాలరుల మాట.

అయితే ఆ దూరానికి హద్దు పడింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాను మాగాణిగా మార్చిన ఆ కట్టడమే పులస దారికి అడ్డయింది. ఈ సంగతి ఆనాటి ప్రభుత్వానికి తెలియనిది కాదు. మంచినీటి చేపల మీద 1873లో వెలువడిన నివేదికలో ఫ్రాన్సిస్ డే, ఆనకట్టలు వలసచేపలకు కలిగించే ఆటంకాన్ని చర్చించాడు. తరువాత కట్టిన బ్యారేజీ కూడా ఆ హద్దును తొలగించలేదు. అంతర్వేది, యానాం వైపు నుంచి వచ్చే చేప నేడు ప్రధానంగా ధవళేశ్వరం దిగువనే వలకు చిక్కుతుంది.

వంట విషయానికి వస్తే, బెంగాల్‌లో ఆవముద్దతో వండే ఈ చేపను ఇక్కడ చింతపండు పులుసులో ఉడికిస్తారు. మట్టిదాకలో ముక్కలు పేర్చి, బెండకాయలు, పచ్చిమిర్చి వేసి, కట్టెల పొయ్యి మీద సన్నని సెగన మరిగిస్తారు. ముక్క చెదరకుండా గరిటె పెట్టక దాకనే పట్టి తిప్పుతారు. దించే ముందు ఆవకాయ మీద తేలిన నూనె వేసేవారూ, వెన్న వేసేవారూ ఉన్నారు. ఒక రాత్రి నిలవ ఉంచి మరునాడు తింటారు. అప్పటికి పులుపు ముక్కకు పట్టి, లెక్కలేనన్ని సన్నముళ్లు కొంత మెత్తబడతాయి.

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అన్న సామెతను రుచికి ప్రశంసగానే ఉదహరిస్తుంటారు. నిజానికి అది కొనేవాడి సామెత, పట్టేవాడిది కాదు. అమ్మే పుస్తెలు ఎవరివో కూడా గమనించదగినదే. పులస అప్పటికే జాలరి ఇంటి కూరగా మిగలక, వెల కట్టే సరుకైందనడానికి ఆ సామెత ఒక ఆధారం. నేటి బజారులో ఇతర తీరాల నుంచి మంచులో వచ్చిన ఇలిష్ కూడా పులస పేరుతో అమ్ముడవుతోంది. అసలు గోదావరి పులసలో గుడ్లతో ఉన్న ఆడచేపకే గిరాకీ ఎక్కువ. ఆనకట్ట దాటలేక దిగువనే గుడ్లు పెట్టవలసిన చేప కూడా అదే.